ట్వైట్ వాళ్లింట్లో గాలి ఆగిన రోజు

మంగళవారం పొద్దున తొమ్మిదీ పదికి వెర్లిన్ ట్వైట్ వంటింట్లో వెచ్చగాలి వచ్చే నేల మీది జాలీ మీద పాదం పెట్టాడు. జాలీ వెచ్చగా ఉంది. గాలి మాత్రం రావడం లేదు. బయట ఫారన్‌హీట్ లెక్కలో సున్నాకి ముప్పై ఒక్క డిగ్రీల కింద ఉంది. గోడ మీది థర్మోస్టాట్‌ని అరవై తొమ్మిదికి పెట్టారు. అది అరవై ఆరు చూపిస్తోంది.

"ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అన్నాడు.

"ఏది?" అంది ఆర్డిస్. ఆమె బల్ల తుడుస్తోంది.

"గాలి."

ఆర్డిస్ చెప్పు విడిచి తనూ జాలీ మీద పాదం పెట్టింది. గడియారం వంక చూసింది.

మధ్యాహ్నం రెండింటికి పిల్లల బాగోగులు చూసే కౌంటీ ఆఫీసు నుంచి జోలీన్ వెట్జెల్ వస్తుంది. ఇల్లు చూసి రిపోర్టు రాస్తుంది. అది గురువారానికి జడ్జి దగ్గరికి చేరుతుంది. శుక్రవారం కోర్టు. రిపోర్టు బాగుంటే ఐదు నెలల బ్రిట్ శుక్రవారం సాయంత్రానికి ఈ ఇంటికి వస్తుంది. బ్రిట్ వాళ్ల కూతురు సోన్యాకి పుట్టిన పిల్ల. రిపోర్టు బాగాలేకపోతే ఫార్గోలో ఒక జంట దగ్గరికి వెళ్తుంది. వాళ్లు మంచివాళ్లని అందరూ అంటున్నారు. రెండేళ్లుగా ఒక పిల్ల కోసం ఎదురుచూస్తున్నారు. ఫార్గో నాలుగున్నర గంటల దారి.

సోన్యా బిస్మార్క్‌లో ఉంది. మత్తు మాన్పించే చోట. అక్కడ ఎన్నాళ్లుంటుందో ఎవరూ చెప్పడం లేదు.

జోలీన్ ముందుగా పంపిన కాగితం ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద ఉంది. ఇల్లు ఎలా ఉండాలో అందులో రాసి ఉంది. మొదటి వాక్యం: పిల్ల ఉండే గది వెచ్చగా ఉండాలి, విడి హీటర్లు పెట్టకూడదు. ఆర్డిస్ వారం కిందటే దాని పక్కన పెన్సిల్‌తో టిక్కు పెట్టింది.

వెర్లిన్ ఇంటి కింది సెల్లార్‌లోకి దిగాడు. ఇంటిని వేడిచేసే ఫర్నేస్ మెట్ల వెనక ఉంటుంది, మనిషి ఎత్తు రేకు పెట్టె. పై అరలో మంట, కింది అరలో బ్లోయర్. మంట వేడెక్కించిన గాలిని బ్లోయర్ గొట్టాల్లోకి తోస్తుంది. ఎండాకాలంలో ఏసీ చల్లగాలిని తోసేదీ ఆ బ్లోయరే. అది తిరగకపోతే మంట ఉన్నా లాభం లేదు. పెట్టె మరీ వేడెక్కిపోకుండా మంటే ఆరిపోతుంది.

మంట వెలిగింది, మూడు నిమిషాలకి ఆరిపోయింది. కింది అరలోంచి గుయ్యిమని మోత. వెర్లిన్ కింది తలుపు ఊడదీశాడు. మోత ఆగిపోయింది. పెట్టె మొత్తం చచ్చిపోయింది.

అప్పటికే గేలన్ మెట్లు దిగుతున్నాడు. గేలన్ పక్కింటాయన, డెబ్బై ఒకటి. బడిలో బాయిలర్ చూసి రిటైరయ్యాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు. ఇంత చలిలో ఏ ఇంటి గోడకున్న ఫర్నేస్ గొట్టంలోంచైనా ఆవిరి తెల్లగా లేస్తూనే ఉంటుంది. ట్వైట్ వాళ్ల గొట్టంలో ఆవిరి మూడు నిమిషాలు లేచి ఆగిపోవడం గేలన్ తన వంటింటి కిటికీలోంచి నాలుగుసార్లు చూశాడు. ఐదోసారి బూట్లు తొడుక్కున్నాడు.

"తలుపు తీసేశావా?" అన్నాడు.

"తీయకుండా లోపలున్నది ఎలా కనిపిస్తుంది?"

"ఒరేయ్ వెర్లిన్, ఆ తలుపుకి గాజు బొట్టొకటుంది చూడు. దాని వెనక దీపం ఆరి వెలుగుతుంది. ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెడితే రోగం తెలుస్తుంది. తలుపు తీస్తే కరెంటు పోతుంది, లెక్కా పోతుంది. ముప్పయ్యేళ్లు గోదాములో ధాన్యమెత్తే మిషన్లు చూశావు కదరా."

"వాటికి దీపాలు లేవు."

"వాటికి తిట్టే మేనేజరుండేవాడు. ఇక్కడ నేనున్నాను."

తలుపు మళ్లీ బిగించారు. మంట వెలిగి, వేడెక్కి, ఆరేదాకా ఇద్దరూ బకెట్లు బోర్లించుకుని కూర్చున్నారు. దీపం నాలుగుసార్లు వెలిగి ఆగింది. మళ్లీ నాలుగు. పై అర తలుపు లోపలివైపు అంటించిన పట్టీలో నాలుగుకి ఎదురుగా, పెట్టె అతిగా వేడెక్కింది, గాలి ఆడటం లేదు అని ఉంది.

"అది నా పాదం చెప్పింది," అన్నాడు వెర్లిన్.

ఫిల్టర్ చూశారు. పోయిన వారమే మార్చారు. ఫ్యూజుపెట్టె చూశారు. అంతా సరిగానే ఉంది. తలుపు తీసి, తలుపు ఉన్నట్టు మిషన్‌ని నమ్మించే మీటని టేపుతో నొక్కి అంటించారు. వెర్లిన్ పైకి కేకేసి థర్మోస్టాట్ మీది ఫ్యాన్ మీట నొక్కమన్నాడు. ఆర్డిస్ నొక్కింది. మోటారు గుయ్యిమంది. చక్రం కదల్లేదు. గేలన్ రంగు కలిపే పుల్లొకటి వెతికి తెచ్చి చక్రం రెక్కని తోశాడు. కెపాసిటర్ పోయిన సీలింగ్ ఫ్యానుని కర్రతో తోస్తే తిరిగినట్టు చక్రం తిరిగింది. వేగం అందుకుంది. పైనుంచి ఆర్డిస్ గాలి వస్తోందని చెప్పింది.

"కెపాసిటర్," అన్నాడు గేలన్. "సోడా డబ్బాలో సగం ఉంటుంది. మనిషొస్తే ఐదు నిమిషాల పని."

మనిషి రావాలి కదా. ఆర్డిస్ వంటింట్లోంచి మెకానిక్కులకి ఫోన్ చేసింది. మొదటివాడు గురువారం అన్నాడు. రెండోవాడు ఫోన్ ఎత్తలేదు. మూడో చోట ఎత్తిన అమ్మాయి, రాత్రి నుంచి యాభై ఇళ్లలో ఫర్నేసులు పోయాయనీ, పైపులు గడ్డకట్టిన ఇళ్లకి ముందు వెళ్తున్నారనీ, రేపు పొద్దున మొదటి పేరు మీదేననీ చెప్పింది. ఆర్డిస్ ఆమెకి థాంక్స్ చెప్పి, మీకు చాలా ఇబ్బందిగా ఉంటుందేమో పాపం అని కూడా అంది.

వెర్లిన్ పైకొచ్చాక ఆర్డిస్ ఫోన్ ఇంకా చేతిలోనే పట్టుకుని ఉంది.

"జోలీన్‌కి చేసి చెప్పనా?" అంది.

వెర్లిన్ ఆలోచించాడు. "ఏమని?"

"ఫర్నేస్ పోయిందని."

"ఇల్లు చూడ్డానికొస్తున్న మనిషికి, వచ్చే రోజే ఇల్లు చెడిందని చెబుతావా?"

ఆర్డిస్ ఫోన్ పెట్టేసింది. ఈ ఊళ్లో అందరూ అలాగే చేస్తారు. ఎలా ఉన్నారని అడిగితే పర్వాలేదంటారు. చెయ్యి విరిగినా పర్వాలేదంటారు. ఆర్డిస్ వాళ్లమ్మకి కేన్సరొచ్చిన సంగతి చర్చిలో తెలిసింది అంత్యక్రియల ప్రకటనలోనే.

గేలన్‌కి ఇంకో ఉపాయం తట్టింది. ఇంటి వెనక ఏసీ పెట్టె ఉంది. దానిలోనూ కెపాసిటర్ ఉంటుంది. కొలత కొంచెం తక్కువైనా ఒక రోజు నడుస్తుంది. ఏసీ పెట్టె నవంబర్ నుంచి మంచు కింద ఉంది. ఇద్దరూ పారలు పట్టుకుని ముప్పావుగంట తవ్వారు. పది నిమిషాలకొకసారి లోపలికొచ్చి వేళ్లు చంకల్లో పెట్టుకున్నారు. మరలు చలికి బిగుసుకుపోయాయి. వెర్లిన్ వేడినీళ్ల కెటిల్ తెచ్చి పోశాడు, నీళ్లు అక్కడికక్కడే గడ్డకట్టాయి. కెటిల్ తేవడం నీకెవరు నేర్పారని గేలన్ అడిగాడు. చివరికి సుత్తితో కొట్టి రేకు ఊడదీశారు. కెపాసిటర్ డబ్బా దొరికింది.

పదకొండున్నరకి దాన్ని బ్లోయరుకి తగిలించారు. ఆర్డిస్ పైన మీట నొక్కింది.

మోటారు గుయ్యిమంది. చక్రం కదల్లేదు.

గేలన్ తీగలు పీకి మళ్లీ తగిలించాడు. మళ్లీ అదే మోత. ఆయన బకెట్ మీద కూర్చుని చేతి గుడ్డతో ముక్కు తుడుచుకున్నాడు.

"అయితే కెపాసిటర్ కాదు. మోటారే. లోపల తీగచుట్ట కాలిపోయింది."

"ఇప్పుడు?"

"ఇప్పుడేముంది. తొయ్యడమే."

తోస్తే తిరుగుతుంది. ఇరవై నిమిషాలు తిరిగి, వేడెక్కి, తనంతట తనే ఆగుతుంది. పన్నెండు నిమిషాలకి చల్లారి మళ్లీ గుయ్యిమంటుంది. అప్పుడు పక్కన మనిషుండి పుల్లతో తొయ్యాలి. తొయ్యకపోతే ఆ మోతలోనే మోటారు పూర్తిగా కాలిపోతుంది. ఆ లెక్క కట్టడానికి వాళ్లకి గంట పట్టింది. అప్పటికి ఇల్లు యాభై తొమ్మిదికి దిగింది.

ఆర్డిస్ తను చేయగలిగింది చేసింది. ఓవెన్ వెలిగించి ఒక పళ్లెం గుమ్మడి బార్లు, కేకు ముక్కల్లాంటివి, పెట్టింది. అవి అయ్యాక ఓట్స్ బార్లు పెట్టింది. ఆ తర్వాత ఓవెన్ తలుపు తెరిచి ఉత్తినే వదిలేసింది. గరాజ్‌లోని విడి హీటర్ తెచ్చి పిల్ల గదిలో ఒంటిగంటన్నర దాకా నడిపి, తీసి, మంచం కింద దాచింది. తర్వాత అది మంచం కింద దొరికితే ఇంకా తప్పు అనిపించి తీసుకెళ్లి కారు వెనక సీట్లో పెట్టింది. కిటికీల చుట్టూ తువ్వాళ్లు కుక్కింది, మళ్లీ అవి కనిపిస్తాయని పీకేసింది. వెర్లిన్ కింద ఉన్నాడు. తోశాడు, కూర్చున్నాడు, తోశాడు. రెండింటికి పది నిమిషాలు ఉందనగా థర్మోస్టాట్ అరవై ఏడు చూపించింది.

గేలన్‌ని ఇంటికి పంపేశారు. సెల్లార్‌లో ఇద్దరు మగాళ్లుంటే ఏదో జరిగిందని తెలిసిపోతుంది, ఒక్కడుంటే ఏదో సర్దుకుంటున్నాడనుకుంటారు. అది గేలన్ మాటే. వెళ్తూ వెర్లిన్ చొక్కా మార్చుకోమన్నాడు. వెర్లిన్ చర్చికి వేసుకెళ్లే ప్యాంటూ చొక్కా వేసుకొచ్చి మళ్లీ బకెట్ మీద కూర్చున్నాడు.

జోలీన్ రెండింటికి సరిగ్గా వచ్చింది. నలభై ఏళ్ల మనిషి. గుమ్మంలో బూట్లు విప్పింది, కాఫీ వద్దనలేదు, బార్లు రెండు రకాలూ రుచి చూసింది. కింద బ్లోయర్ తిరుగుతోంది. ఆర్డిస్ మాట్లాడుతూనే గడియారం చూస్తోంది. వెర్లిన్ గారేరని అడిగితే కింద ఏదో సర్దుతున్నాడు, వచ్చేస్తాడు అంది.

జోలీన్ పిల్ల గది చూసింది. తొట్టె ఊచల మధ్య ఎంత ఖాళీ ఉందో టేపుతో కొలిచింది. మందుల అలమారకి తాళం చూసింది. థర్మోస్టాట్ చూసి రాసుకుంది. కాగితంలో సగం పైగా అయిపోయింది. తర్వాత బల్ల దగ్గర కూర్చుని పెన్ను పక్కన పెట్టింది.

ఈ ప్రశ్న కాగితంలో లేదు, తనే అడుగుతున్నానని చెప్పింది. ఫైల్లో ఒక సంగతి జడ్జి తప్పకుండా అడుగుతాడు. సోన్యా రెండేళ్లు ఈ ఇంట్లోనే ఉంది. ఆసుపత్రిలో మొదటిసారి చేర్చినప్పుడు డాక్టరు అడిగితే తల్లీదండ్రీ ఇద్దరూ అలసటేనని చెప్పారు. రెండోసారీ అదే చెప్పారు. మూడోసారికి సోన్యా ఐదు నెలల గర్భవతి.

"నేను మిమ్మల్ని తప్పుపట్టడానికి రాలేదు ఆర్డిస్ గారూ. ఒక్కటే తెలియాలి నాకు. రేపు పిల్ల ఇక్కడుండగా ఏదైనా తేడా వస్తే, చిన్నదైనా సరే, మాకు చెబుతారా?"

"చెబుతాం," అంది ఆర్డిస్.

కింద బ్లోయర్ ఆగిపోయింది.

ఆర్డిస్ కాఫీ పోస్తానని లేచింది. కప్పు నిండే ఉంది. జోలీన్ ఆ నిశ్శబ్దాన్ని గమనించిందో లేదో మొహంలో తెలియలేదు. ఆమె రాసుకుంటూ పోయింది. పది నిమిషాలు గడిచాయి. ఆర్డిస్ సోన్యా చిన్నప్పటి ఫొటోలు తెచ్చింది, బడిలో తను వండిపెట్టే పిల్లల గురించి చెప్పింది, అడగనివి కూడా చెప్పింది. థర్మోస్టాట్ అరవై ఐదుకి వచ్చింది. అప్పుడు జోలీన్ కాగితం చివర చూసి, ఇక నీళ్ల హీటరూ, కింది పొగ అలారమూ చూస్తే అయిపోతుందంది.

"కింద బాగా చెత్తగా ఉంది," అంది ఆర్డిస్.

"మా ఇంట్లో చూడాలి మీరు," అంటూ జోలీన్ మెట్లు దిగింది.

వెర్లిన్ లేచి నిలబడ్డాడు. బకెట్ పక్కకి దొర్లింది. కింది అర తలుపు లేకుండా తెరిచి ఉంది, లోపల చక్రం, వేలాడే తీగలు, ఏసీ డబ్బా, మీట మీద బూడిదరంగు టేపు. అతని చేతిలో రంగుపుల్ల. జోలీన్ అన్నీ చూసింది. పెన్ను తీయలేదు.

"ఎప్పుడు పోయింది?"

"పొద్దున."

"పొద్దున్నుంచి మీరిక్కడే కూర్చున్నారా?"

"మధ్యలో బయటికెళ్లాను. ఏసీ తవ్వడానికి."

జోలీన్ మెట్టు మీద కూర్చుంది. ఆర్డిస్ ఆమె వెనక రెండు మెట్ల పైన నిలబడిపోయింది.

"నిన్నటి నుంచి నేను చూసే ఊళ్లలో పదకొండిళ్లలో ఫర్నేసులు పోయాయి," అంది జోలీన్. "ఆదివారం మా ఇంట్లోనే పోయింది. పొద్దున ఒక్క ఫోన్ చేసుంటే రేపొచ్చేదాన్ని. రేపొచ్చినా గురువారానికి రాసిచ్చేదాన్ని."

"మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని," అన్నాడు వెర్లిన్.

"నా ఉద్యోగమే అది వెర్లిన్ గారూ."

అప్పుడు మోటారు గుయ్యిమంది. పన్నెండు నిమిషాలయ్యాయి. వెర్లిన్ పుల్ల పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. చక్రం వంక చూశాడు, ఆమె వంక చూశాడు. మోత పెరిగింది. కాలిన వార్నిషు వాసన మొదలైంది.

"తొయ్యండి మరి," అంది జోలీన్.

అతను వంగి తోశాడు. చక్రం తిరిగింది.

"చలి గురించి ఏం రాస్తారు?" అని అడిగింది ఆర్డిస్ పైనుంచి.

"చలి గురించి రాయడానికేమీ లేదు. రేపటికి బాగవుతుంది." జోలీన్ లేచి, గొంతు పెంచకుండానే చెప్పింది. "నేను పైన ఒకటడిగాను. మీరొకటి చెప్పారు. అదే నిమిషంలో ఇది ఆగింది. అది రాయకుండా ఎలా ఉండను చెప్పండి."

ఆమె నీళ్ల హీటర్ చూసింది, పొగ అలారం బొత్తం నొక్కి మోగించింది, రెండింటికీ టిక్కు పెట్టింది. గుమ్మంలో బూట్లు వేసుకుంటుంటే ఆర్డిస్ మిగిలిన బార్లు రేకు కాగితంలో చుట్టి ఇచ్చింది. జోలీన్ తీసుకుంది. గుమ్మంలో ముగ్గురూ రోడ్ల గురించి మాట్లాడారు, గాలి రేపటికి తగ్గుతుందన్నారట అనుకున్నారు. జాగ్రత్తగా ఉండండి అంది జోలీన్. ఆమె కారు మలుపు తిరిగే దాకా ఆర్డిస్ కిటికీ దగ్గర ఉంది. వెర్లిన్ కిందికి వెళ్లాడు.

బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకి మెకానిక్ వచ్చాడు. నలభై నిమిషాల్లో పాత మోటారు తీసి కొత్తది పెట్టాడు. టేపు పీకి, తలుపు బిగించాడు. ఏసీ డబ్బా తగిలించింది ఎవరో గానీ పని బాగా చేశారన్నాడు. ఇల్లు పదిన్నరకి డెబ్బైకి చేరింది.

వెర్లిన్ వంటింట్లో నిలబడి జోలీన్ ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఆమె లేదు. చప్పుడయ్యాక సందేశం చెప్పమని ఫోన్ మిషన్ చెప్పింది. ఆర్డిస్ చేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన నిలబడింది.

వెర్లిన్ పేరు చెప్పాడు, వీధి చెప్పాడు. మోటారు మార్చామని చెప్పాడు. నిన్న పిల్ల గదిలో విడి హీటర్ నడిపి కారులో దాచామని చెప్పాడు. ఓవెన్ తలుపు తెరిచి పెట్టామని చెప్పాడు. సెల్లార్ మెట్ల కమ్మీ ఊగుతుంది, పై మెట్టు దగ్గర, మీరు పట్టుకోలేదు కాబట్టి తెలియలేదు అన్నాడు. పొగ అలారంలో బ్యాటరీ మీరొచ్చే ముందు రోజే వేశాను, అంతకుముందు ఏడాదిగా లేదు అన్నాడు.

"ముందటేడు శరదృతువులో పికప్ ట్రక్కు సీటు కింద రేకు కాగితం, కాలిన చెంచాలు దొరికాయి. సోన్యావి, మత్తుమందు వేడిచేసుకునేవి. చెత్తకుప్పకి తీసుకెళ్లి పడేశాను. ఎవరికీ చెప్పలేదు. ఆర్డిస్‌కి కూడా చెప్పలేదు. అప్పుడే చెప్పుంటే..."

మిషన్ చప్పుడు చేసి ఆగిపోయింది.

వెర్లిన్ ఫోన్ దించాడు. ఆర్డిస్ అతని వంక చూడలేదు. కిటికీ అవతల గేలన్ ఇంటి గొట్టం ఆవిరి కక్కుతోంది.

"ఎన్ని చెంచాలు?" అంది.

"రెండు."

"వంటింట్లోంచి మూడు పోయాయి. మూడోది నేను తీసి కుట్టుపెట్టెలో పెట్టాను. అంతకుముందు ఎండాకాలంలో. నీకు తెలిస్తే తట్టుకోలేవనుకున్నాను."

ఆమె చెయ్యి చాపింది. వెర్లిన్ ఫోన్ ఇచ్చాడు. ఆర్డిస్ నంబర్ నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, చెప్పాల్సింది మొదలుపెట్టడానికి ఊపిరి పీల్చుకుంది. ఈ సందేశాల పెట్టెలో ఇక చోటు లేదు, మళ్లీ ప్రయత్నించండి అని మిషన్ చెప్పింది. ఆమె మళ్లీ నొక్కింది. మళ్లీ అదే చెప్పింది.

"ఏమంటోంది?" అన్నాడు వెర్లిన్.

"చోటు లేదంట," అంది ఆర్డిస్, మూడోసారి నంబర్ నొక్కుతూ.